వెలుగుతెరయు బాలుర కల్పనాక్రీడయు

బాలుడొక కఱ్ఱను కాళ్ళనడుమ నుంచుకొని, అది గుఱ్ఱమని తలచి వీధియంతయు పరుగిడుట మనమందఱము చూచినదే. బాలిక నాలుగు చింతపిక్కలను కొబ్బరిచిప్పలో వేసి పుల్లతో త్రిప్పి, అన్నము ఉడికినదని యింటివారినెల్ల భోజనమునకు పిలుచుటయు మనమెఱిగినదే. ఈ రెండవ యాటకు మన పెద్దలు గుజ్జనగూళ్ళని పేరిడిరి. బొమ్మల పెండ్లిండ్లు, బడియాట, అంగడియాట, దొంగలు పోలీసుల యాట మున్నగునవన్నియు నీ జాతిలోనివే. ఒక వస్తువును మఱియొక వస్తువుగా భావించి, తాను మఱియొకరై, లేనిదానిని ఉన్నదానివలె నడపు నిట్టి యాటను మేమీ వ్యాసమున కల్పనాక్రీడ యని వ్యవహరింతుము. నేటి బాలురకు సెల్‌ఫోను, ట్యాబ్లెట్టు, టెలివిజను మొదలగు వెలుగుతెరల యెదుట గడచు కాలము మిక్కిలి హెచ్చినది. అట్లు హెచ్చుటవలన కల్పనాక్రీడకు గలుగు నష్టమేమి, ఆ నష్టము నివారించు మార్గమేమి అను విషయమును, మన నగరమందలి హైటెక్ సిటీ ప్రాంతమును దృష్టియందుంచుకొని, తల్లిదండ్రులకును విద్యార్థులకును విన్నవింప దలచినాము.

ఈ క్రీడ యొక దేశమునకు గాని యొక కాలమునకు గాని చెందినది కాదు. మత్తయి సువార్త పదునొకండవ అధ్యాయమున యేసుప్రభువు సంతవీధులలో కూర్చుండి తోడివారిని పిలుచు పిల్లకాయలను ఉపమానముగా జెప్పెను. వారు మొదట పిల్లనగ్రోవి యూది పెండ్లియాటకు పిలిచిరనియు, పిదప ప్రలాపించి చావుయాటకు పిలిచిరనియు, తోడివారు రెండింటికిని రాలేదనియు వ్యాఖ్యాతలు వివరింతురు. భాగవతము దశమస్కంధమున గోపబాలురు నెమళ్ళవలె నాడుచు, కప్పలవలె గంతులిడుచు, కొంగలవలె కదలక కూర్చుండుచు వనమున విహరించిన కథ కలదు. గలిలయ వీధులందును, యమునాతీరమునను బాలురు చేసిన పని యొక్కటియే. పెద్దలు నేర్పకయే పుట్టిన విద్య యిది. జర్మనీదేశమున ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1837లో స్థాపించిన శిశువిద్యాలయమే తరువాత కిండర్‌గార్టెన్ అను పేర లోకమంతట వ్యాపించుటకు కారణము, ఆటయే శిశువునకు మొదటి చదువని యాతడు గుర్తించుటయే.

ఆట చదువెట్లగును? రష్యాదేశపు మనశ్శాస్త్రవేత్త లెవ్ వైగాట్‌స్కీ 1933లో నొసగిన యొక యుపన్యాసమున దీనికి సమాధానము చెప్పెను. మిక్కిలి చిన్నశిశువునకు వస్తువును దాని యర్థమును వేఱుగా తోచవు. గుఱ్ఱమనగా కన్నులయెదుటి గుఱ్ఱమే. కఱ్ఱను గుఱ్ఱముగా జేసికొనిన దినమున శిశువు గుఱ్ఱమను భావమును గుఱ్ఱమునుండి విడదీసి కఱ్ఱపై నిలుపుచున్నాడు. ఇది చిన్న పనిగా తోచవచ్చును గాని, బడిలో మనము నేర్పు సమస్తమునకు నిదియే పునాది. పలకమీది 'అ' యను గీత యొక ధ్వనికి బదులుగా నిలుచుచున్నది. '5' అను గుర్తు ఐదు మామిడిపండ్లకు బదులుగా నిలుచుచున్నది. పటమునందలి నీలిగీత గోదావరికి బదులుగా నిలుచుచున్నది. చింతపిక్కను అన్నముగా భావింపగల బాలికకు నీ యక్షరములును అంకెలును క్రొత్త లోకము గావు.

రెండవ లాభము ఆత్మనిగ్రహము. కల్పనాక్రీడ స్వేచ్ఛగా కనబడును గాని దానియందు కఠినమైన నియమములు గలవు. రోగిగా పడుకొనినవాడు వైద్యుడు లెమ్మనువఱకు లేవరాదు. అంగడివాడు తన మిఠాయిని తానే తినరాదు. మనుయిలెంకో యను రష్యా పరిశోధకులు 1948లో ప్రకటించిన పరిశీలనయందు, చిన్నపిల్లలను ఊరక కదలక నిలువుమనినప్పటికంటె, కావలిభటుని వేషమున నిలిచినప్పుడు వారు చాలకాలము నిశ్చలముగా నిలువగలిగిరని తేలినది. గద్దించి నేర్పలేని యోర్పును ఆట నేర్పినది.

మూడవ లాభము భాష. ఇద్దఱు బాలురు కూడి యాడునప్పుడు ముందుగా మాటలతో లోకమును నిర్మింపవలెను. ఇది యిల్లు, అది బావి, నీవు అత్తవు, నేను కోడలిని, ఇప్పుడు రాత్రియైనది అని యొప్పించుకొనవలెను. ఒకడు ఒప్పుకొననిచో వాదింపవలెను, సమాధానపడవలెను, లేనిచో ఆట ఆగిపోవును. ఇతరుని మనసున నేమున్నదో యూహించు శక్తి, తనకు దోచినది స్పష్టముగా చెప్పు నేర్పు ఇచ్చటనే యలవడును. ఆటలో బాలుడు అమ్మమ్మవలె మాటలాడును, కూరలమ్మువానివలె కేకవేయును, ఉపాధ్యాయునివలె గద్దించును. మాతృభాషయందలి యిన్ని రీతులను వానిచే నింత యిష్టముగా పలికించు పాఠ్యపుస్తకము మఱియొకటి లేదు.

ఇక మన ప్రాంతమును జూతము. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరునందు సైబర్ టవర్సు భవనమును ప్రారంభించిరి. అంతకు పూర్వము మాదాపూరు రాతిగుట్టల నడుమనున్న యొక గ్రామము. సుమారు 250 కోట్ల సంవత్సరముల వయసుగల యా గ్రానైటు గుట్టలలో ననేకములు పగులగొట్టబడి, వాని చోట నద్దాల భవనములు లేచినవి. గచ్చిబౌలి, కొండాపూరు, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ, కోకాపేట వఱకు కార్యాలయములును, వాని ప్రక్కన ఆకాశమునంటు నివాసగృహములును వ్యాపించినవి. 2019లో మెట్రోరైలు హైటెక్ సిటీకి వచ్చినది. 2020లో దుర్గం చెరువుపై తీగల వంతెన ఏర్పడినది. ఈ యభివృద్ధివలన లక్షలాది కుటుంబములకు జీవనోపాధి కలిగినది. మన పాఠశాలలలో జదివిన యెందఱో నేడచ్చట నుద్యోగములు చేయుచున్నారు. దీనిని తక్కువచేయుట మా యభిప్రాయము గాదు.

అయినను ఆ యుద్యోగముల తీరు శిశువుల దినచర్యను మార్చినది. న్యూయార్కు నగరమున ఉదయము 9 గంటలగునప్పుడు మనకు వేసవియందు సాయంకాలము ఆఱున్నర, శీతకాలమున ఏడున్నర యగును. అనగా అమెరికాలోని వర్తకులతో మాటలాడవలసిన వేళయు, మన పిల్లలు బడినుండి వచ్చి తల్లిదండ్రులకొఱకు ఎదురుచూచు వేళయు నొక్కటియే. తండ్రి యొక గదిలో, తల్లి మఱియొక గదిలో చెవులకు యంత్రములు తగిలించుకొని మాటలాడుచుందురు. తాతయు అమ్మమ్మయు గుంటూరులోనో కరీంనగరములోనో యుందురు. పిల్లవాడు సద్దుచేయరాదు. అప్పుడు వాని చేతికి ఫోను వచ్చును. దీనిని సోమరితనమని నిందించుట అన్యాయము. దినమంతయు శ్రమించి యింకను పని ముగియని తల్లికి అది దాదివలె తోడ్పడుచున్నది. కాని యీ దాది పిల్లవానిని ఊరక కూర్చుండబెట్టును గాని, వానితో నాడదు.

భోజనకాలమున జరుగునది మఱింత విచారకరము. పూర్వము తల్లి బిడ్డను చంకనెత్తుకొని మేడమీదికి వచ్చి చందమామను చూపుచు గోరుముద్దలు తినిపించెడిది. చందమామ ఆకాశమున నూరక యుండును, పలుకదు, ఆడదు. అది మామ యనియు, కొండయెక్కి వచ్చుననియు తల్లి చెప్పగా బిడ్డయే భావింపవలెను. నేడు అన్నము గిన్నె ప్రక్కన ఫోను నిలుపబడుచున్నది. దానియందు బొమ్మలే పాడును, బొమ్మలే ఆడును. బిడ్డ నోరు తెఱచుట తప్ప చేయవలసినది లేదు. ఏమి తినుచున్నాడో వానికే తెలియదు. తల్లి మొగము వాడు చూడడు. 2020 మార్చిలో కోవిడ్ వ్యాధివలన పాఠశాలలు మూతపడి, ఆ సంవత్సరము సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా తెలంగాణమున పాఠములు ప్రసారమైనప్పుడు చదువుకూడ తెరమీదికి వచ్చెను. ఆ కాలమున అది గొప్ప సాయము. వ్యాధి తగ్గినది, బడులు తెఱువబడినవి. కాని పెక్కు గృహములందు ఆనాటి యలవాటు నిలిచిపోయినది.

తెర కల్పనాక్రీడకు కలిగించు బాధ నిజమా, లేక పెద్దల యనుమానమా? దీనిని గుఱించి జరిగిన మూడు పరిశోధనలను చెప్పుదుము. 2008లో ప్రకటింపబడిన అమెరికాదేశపు పరిశోధనయందు ఒకటి, రెండు, మూడు సంవత్సరముల వయసుగల 50 మంది పిల్లలను ఆటబొమ్మలతో గంటసేపు ఆడుకొననిచ్చిరి. అందు అరగంట గదిలో టెలివిజను నడుచుచుండెను. అది పెద్దలకొఱకైన ప్రశ్నోత్తరముల కార్యక్రమము. పిల్లలు దానివంక నప్పుడప్పుడు క్షణకాలము మాత్రమే చూచిరి. అయినను ఆ యరగంటలో వారి యాటలు చిన్నచిన్న తునుకలైనవి; ఒకే బొమ్మతో నిమగ్నులై యుండు కాలము తగ్గినది. పిల్లవాడు చూడకపోయినను తెర వాని యాటను ఖండించుచున్నదని దీనివలన తెలియుచున్నది.

రెండవది 2003లో పెట్రీషియా కూల్ అను శాస్త్రవేత్త ప్రకటించినది. తొమ్మిది మాసముల అమెరికా శిశువులకు చీనాభాష మాటలాడువారు ఎదుట కూర్చుండి కథలు చెప్పి యాడించిరి. పండ్రెండు కూటములైన పిమ్మట ఆ శిశువులు చీనాభాషా ధ్వనుల భేదమును గుర్తింపగలిగిరి. మఱికొందఱు శిశువులకు ఆ మనుష్యులనే, ఆ మాటలనే వీడియోలో చూపిరి. వారు ఏమియు నేర్చుకొనలేదు. ధ్వని యొకటే, మొగము నొకటే. కాని ఎదుటనున్న మనుష్యుడు శిశువు నవ్విన నవ్వును, చేయిచాపిన వస్తువు నిచ్చును. తెరయందలి మనుష్యుడు శిశువు నవ్వినను ఏడ్చినను తన దారిని తాను పోవును.

మూడవది కెనడాదేశమున 1973లో ఆరంభమైనది. కొండలోయలో నుండుటవలన అంతవఱకు టెలివిజను రాని యొక చిన్న పట్టణము కలదు. టానిస్ మాక్‌బెత్ విలియమ్సు అను నాచార్యురాలును తోడివారును, టెలివిజను రాకకు ముందును, వచ్చిన రెండు సంవత్సరములకును ఆ పట్టణపు పిల్లలను పరీక్షించిరి. ఒక వస్తువును పేర్కొని దానికెన్ని యుపయోగములు చెప్పగలరో అడిగిరి. టెలివిజను లేనినాడు ఆ పట్టణపు పిల్లలు పొరుగు పట్టణముల పిల్లలకంటె నెక్కువ చెప్పిరి. రెండేండ్ల పిమ్మట ఆ యాధిక్యము పోయి వారితో సమానులైరి.

ఇవి పరిమితమైన పరిశోధనలు. బాలుర యాట తగ్గుటకు తెర యొక్కటియే కారణమని వీనినిబట్టి చెప్పరాదు. వీధులు వాహనములతో నిండినవి. ఖాళీస్థలములు కట్టడములైనవి. ఆఱవ తరగతినుండియే ప్రవేశపరీక్షల శిక్షణయని సాయంకాలములును ఆదివారములును పోవుచున్నవి. తెర లేకపోయినను ఈ కారణములు బాలుర యాటను కుదించియుండును. అయినను మూడు పరిశోధనలును కలిసి యొక సంగతిని సూచించుచున్నవి. బాలుని కల్పన పెరుగుటకు రెండు కావలెను: బదులు పలుకు తోడును, తాను పూరింపవలసిన ఖాళీయును. ఈ రెండును లేకుండ చేయు వస్తువేదైనను వాని యాటకు శత్రువే.

తెర యనునది తెలుగువారికి క్రొత్త గాదని యిచ్చట చెప్పవలెను. తోలుబొమ్మలాటయందు తెల్లని వస్త్రమును కట్టి వెనుక దీపము పెట్టి, రంగుల తోలుబొమ్మలతో రామాయణ భారతకథలు రాత్రియంతయు ప్రదర్శించెడివారు. తెలంగాణమున చేర్యాల చిత్రకారులు వ్రాసిన పొడవైన బొమ్మల పటములను విప్పుచు కథకులు కులపురాణములు చెప్పెడివారు. అవియు దృశ్యములే, వానియందును పిల్లలు మైమఱచిరి. కాని ఆ బొమ్మలాట తెల్లవాఱునప్పటికి ముగిసెడిది. బొమ్మలవారు పొరుగూరికి పోయెడివారు. మరల వచ్చునంతవఱకు నెలలు గడచెడివి. ఆ ఖాళీలో పిల్లలు అట్టలు కత్తిరించి, పాతపంచె కట్టి, దీపము పెట్టి తామే హనుమంతులును రావణులునై యాడుకొనెడివారు. చూచిన కథ విత్తనము. ఆడిన యాట పైరు. నేటి చేతితెరయందు ఒక కథ ముగియుటకు ముందే రెండవది తనంతట తాను మొదలగును. విత్తనముమీద విత్తనము పడుచుండును గాని మొలకెత్తుటకు వ్యవధి లేదు.

ఇట్లు ఎడతెగకుండుట యాకస్మికము గాదు. చూచువాడు లేచిపోకుండ జేయుటకై నేర్పరులైన యింజనీర్లు ఆలోచించి నిర్మించిన యేర్పాటిది. చూచిన కాలము పెరిగినకొలది ప్రకటనల యాదాయము పెరుగును. ఇట్టి యంత్రములకు కావలసిన కార్యక్రమములు వ్రాయుటయే వృత్తిగా గలవారు మన హైటెక్ సిటీ పరిసరములందు వేలకొలది నివసించుచున్నారు. పెద్దలకే విడువ శక్యముగాని వస్తువును మూడేండ్ల బాలుడు తనంతట విడువవలెనని కోరుట న్యాయము గాదు. మఱియొక సంగతి. ఆ భవనములలో జరుగు పనియంతయు, ఇంకను లేనిదానిని ఉన్నట్లు భావించి, దానిని నిర్మించుటయే. ఆ శక్తికి మొదటి సాధన గుజ్జనగూళ్ళయందే జరిగినది. తమకు జీవనమిచ్చిన శక్తి తమ బిడ్డలకు అలవడుచున్నదా యని యచ్చటి తల్లిదండ్రులు విచారింపవలసియున్నది.

ఎంతకాలము తెర యెదుట నుండవచ్చునను ప్రశ్నకు వైద్యసంస్థలు సమాధానము చెప్పినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో, సంవత్సరము నిండని శిశువులకు తెర కూడదనియు, రెండు మొదలు నాలుగు సంవత్సరముల వారికి దినమునకు ఒక గంట మించరాదనియు, అంతకు తగ్గినచో మఱింత మేలనియు చెప్పినది. ఆ వయసు పిల్లలు దినమునకు మూడు గంటలైనను శరీరము కదలునట్లు ఆడవలెనని కూడ చెప్పినది. భారతీయ శిశువైద్య అకాడమీ 2022లో తన పత్రికయందు ప్రకటించిన మార్గదర్శకములలో రెండేండ్లలోపు వారికి తెర కూడదనియు, ఐదేండ్లవఱకు పెద్దల సమక్షమున ఒక గంట, పదియేండ్లవఱకు రెండుగంటలలోపు అనియు నియమించినది. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణము విశ్రాంతియు ఆటయు బాలుర హక్కులని ప్రకటించినది. భారతదేశము 1992లో దానియందు జేరినది. కావున పిల్లవాని యాటవేళ మనము దయతో నిచ్చు కానుక గాదు. అది వాని సొత్తు.

దూరముననున్న తాత అమ్మమ్మలతో వీడియోద్వారా మాటలాడుటకూడ దోషమా యని కొందఱు అడుగవచ్చును. కాదు. అమెరికా శిశువైద్య అకాడమీ 2016లో మిక్కిలి చిన్న శిశువులకు తెర వలదనుచునే యిట్టి సంభాషణలకు మినహాయింపు నిచ్చినది. కారణము పైన చెప్పినదే. అచ్చట తెరవెనుక బదులు పలుకు మనుష్యురాలు గలదు. బిడ్డ చింతపిక్కల యన్నము తెరకు చూపినచో, కరీంనగరములోని అమ్మమ్మ దానిని తిన్నట్లు నటించి ఉప్పు చాలలేదనును. అదియు నాటయే.

ఇక చేయదగినవానిని క్లుప్తముగా చెప్పుదుము. మొదటిది, భోజనవేళ తెర వలదు. పిల్లవాడు రెండు ముద్దలు తక్కువ తినినను వెఱవనక్కఱలేదు, ఆకలియైనప్పుడు తినును. రెండవది, ఎవ్వరును చూడని టెలివిజనును ఆర్పివేయవలెను. మూడవది, దినమున ఒక గంటయైనను తెరయు, ట్యూషనును, పెద్దల యాజ్ఞయు లేని ఖాళీకాలము పిల్లవానికి విడువవలెను. మొదటి దినములలో వాడు ఏమియు తోచుటలేదని విసుగుకొనును, ఏడ్చును. తల్లిదండ్రులు ఓడిపోవున దిచ్చటనే. ఆ విసుగు ఆటకు వాకిలి. కొంతసేపు ఓర్చుకొనినచో వాడు దిండ్లతో ఇల్లు కట్టుట మొదలుపెట్టును.

నాలుగవది, అసంపూర్ణములైన వస్తువులను చేతికీయవలెను. తానే పాడి తానే నడచు బొమ్మ పిల్లవానిని ప్రేక్షకునిగా చేయును. ఏటికొప్పాక అంకుడుకఱ్ఱ లక్కబొమ్మయు, కొండపల్లి తెల్లపొణికి బొమ్మయు, నిర్మల్ బొమ్మయు పలుకవు, పిల్లవాడే పలికింపవలెను. వీనికి ధనము వ్యయము చేయజాలనివారు చింతింపవలదు. అట్టపెట్టె, పాతచీర, మట్టి, గులకఱాళ్ళు వానికంటెను మేలు. ఐదవది, తోడు. ఒకే నివాసభవనమున నూర్లకొలది కుటుంబములున్నను ఒక అంతస్తు పిల్లవానికి మఱియొక అంతస్తు పిల్లవాడు తెలియడు. నలుగురు తల్లులు వంతులు వేసికొని దినమునకొకరు దూరమున కూర్చుండి చూచుచుండినచో, పిల్లలు క్రింద నిర్భయముగా ఆడుకొందురు. ఆ మేడలు కట్టు కూలీల బిడ్డలును, కావలివారి బిడ్డలును ప్రక్కననే యిసుకకుప్పలమీద ఆడుచుందురు. పేదఱికమును మేము పొగడము. ఆ బిడ్డలకు బడియు పాలును కావలెను. కాని గుజ్జనగూళ్ళలో వారు మేడల పిల్లలకు గురువులు కాగలరు. వారిని వేఱుచేసి గోడ కట్టుట యిరువురకును నష్టము. ఆఱవది, తల్లిదండ్రులు బిడ్డతో నున్న కొంతసేపైనను తమ ఫోనును ప్రక్కన పెట్టవలెను. బిడ్డ చూచి నేర్చును గాని విని నేర్వడు.

తెరను పూర్తిగా త్యజింపుడని మేము చెప్పము. మంచి కథను బిడ్డతో కూర్చుండి చూచి, అది ముగియగనే యార్పి, తరువాత నేమి జరిగియుండునని యడుగుడు. వాడు చెప్పు సమాధానమే మీకు తెలుపును, వాని యూహ మేలుకొనియున్నదో లేదో.

ఉన్నత తరగతుల విద్యార్థులారా! మీరు కఱ్ఱగుఱ్ఱములెక్కు వయసు దాటినారు. అయినను మీ కల్పనాక్రీడ ముగియలేదు; అది రూపము మార్చుకొనినది. వార్షికోత్సవ నాటకమున మీరు ధరించు వేషము, ఈ సంచికకు మీరు వ్రాయు కథ, విజ్ఞానప్రదర్శనమునకు మీరు చేయు నమూనా అన్నియు దాని శాఖలే. మఱియొక మాట. ఇంటిలో చిన్నతమ్ముడు ఏడ్చినప్పుడు వాని చేతికి ఫోను ఇచ్చువారు తఱచుగా మీరే. వానికి బదులుగా ఒక దుప్పటి తెచ్చి రెండు కుర్చీలపై కప్పి, ఇది రైలు, నీవు డ్రైవరువు, నేను కాజీపేటలో ఎక్కెదను అని చెప్పి చూడుడు. తరువాత స్టేషను ఏదో వాడే చెప్పును.

జెకర్యా ప్రవక్త యెరూషలేము మరల బాగుపడు దినమును వర్ణించుచు, ఆ పట్టణపు వీధులు ఆటలాడు మగపిల్లలతోను ఆడపిల్లలతోను నిండియుండునని చెప్పెను. ఒక నగరము క్షేమముగా నున్నదని తెలిసికొనుటకు ఆ దైవజనుడు ఎన్నుకొనిన గుర్తు మేడల యెత్తు గాదు, వర్తకుల సంఖ్య గాదు. వీధులలో ఆడుకొను పిల్లలు. మన నగరమును మనము ఆ గుర్తుతో కొలిచి చూచుకొనవలెను. వేసవిసెలవులు సమీపించుచున్నవి. తల్లిదండ్రులారా! ఈ సెలవులలో మీ పిల్లలకు కొన్ని ఖాళీ మధ్యాహ్నములను విడిచిపెట్టుడనియు, మీ బాల్యమున మీరాడిన యాటలను ఒక్కటైనను వారికి నేర్పుడనియు ప్రార్థించుచున్నాము. జూనులో బడి తెఱచునప్పుడు వారు ఏయే దేశములకు రాజులైరో, ఏయే సముద్రములు దాటిరో వినుటకు మేమును వారి యుపాధ్యాయులును కుతూహలముతో నెదురుచూచుచుందుము.